నేలమాళిగలో పియానో

ఒక పట్టణమున కఠిన క్రమశిక్షణకు పేరువడిన ఉపాధ్యాయు డొకడు గలడు. తన విద్యార్థులు రాత్రివేళ నొక పానశాలకు పోయి, అందు పాడు గాయనిని చూచి వచ్చుచున్నారని విని, వారిని పట్టుకొనుటకై తానే యచ్చటికి పోవును. తుదకు పట్టుబడినవాడు మాత్రము ఉపాధ్యాయుడే. అతడా గాయనిని పెండ్లాడి, ఉద్యోగమును పోగొట్టుకొని, ఆమె బృందముతో ఊరూర తిరిగి, విదూషకుడై, తన పట్టణపు జనుల యెదుటనే కోడివలె కూయవలసిన దుర్గతికి లోనగును. ఆ రాత్రి యతడు తన పాత తరగతి గదిని వెదకికొని పోయి, బల్లను రెండుచేతుల బిగించి పట్టుకొని ప్రాణములు విడుచును.

1930 ఏప్రిల్ 1వ తేదీన బెర్లిను నగరమున ప్రథమముగా ప్రదర్శింపబడిన 'నీలి దేవదూత' అను జర్మను చలనచిత్రపు కథ యిది. హైన్‌రిష్ మాన్ 1905లో ప్రకటించిన నవల దీనికి మూలము. దర్శకుడు జోసెఫ్ ఫాన్ స్టెర్న్‌బెర్గ్. ఉపాధ్యాయుడుగా ఎమిల్ యానింగ్స్, గాయనిగా మార్లీన్ డీట్రిష్ నటించిరి. ఈ చిత్రముతో డీట్రిష్ పేరు లోకమంతట మారుమ్రోగెను. ఆమె పాడిన పాటలకు బాణీలు కట్టినవాడు, వానిలో మిక్కిలి ప్రసిద్ధమైన దానికి మాటలు సైతము కూర్చినవాడు ఫ్రీడ్రిష్ హోలెండర్. ఆ పాట నెరిగినవారు కోట్లకొలది యుందురు. అతని పేరెరిగినవారు కొలదిమంది. పియానో ముందు కూర్చున్నవాని అదృష్ట మట్టిది. సభ యావత్తును గాయని ముఖమును చూచును. అతని వీపును చూచును.

హోలెండర్ 1976 జనవరి 18న మ్యూనిక్ నగరమున మరణించెను. 2026 జనవరితో ఏబది యేండ్లు నిండినవి. ఈ సందర్భమున నతనిని తలచుకొనుట కేవలము వర్ధంతి మర్యాద గాదు. చిన్న వేదికపై నిలిచి పెద్దవారిని పరిహసించుట యను వృత్తి మరల చర్చకు వచ్చిన కాలమిది. 2025 మార్చిలో ముంబయి నగరమున నొక చిన్న వేదికపై ఒక హాస్యకారుడు సినిమా పాట బాణీకి రాజకీయ వ్యంగ్యగీతమును కట్టి పాడగా, ఒక పక్షపు కార్యకర్తలు ఆ స్థలమును ధ్వంసము చేసిరి. ఆ వేదికవారు కొంతకాలము తలుపులు మూసికొనుచున్నట్లు ప్రకటించిరి. అదే సంవత్సరము సెప్టెంబరులో అమెరికా దేశమున రాత్రివేళ ప్రసారమగు ఒక ప్రసిద్ధ టెలివిజను హాస్య కార్యక్రమము కొన్ని దినములు నిలిపివేయబడి, తరువాత పునఃప్రారంభమయ్యెను. ఇట్టి సంఘటనలు జరిగినప్పుడెల్ల రెండు మాటలు వినవచ్చును. "ఒక పాటకింత కోపమెందులకు?" అని కొందరు, "ఒక పాటవలన నొరుగునదేమి?" అని కొందరు. ఈ రెండు ప్రశ్నలకును హోలెండర్ జీవితమున సమాధాన మున్నది.

క్యాబరే యను మాట తెలుగువారి చెవికి వేరు విధముగా చేరినది. 1960, 1970 దశకముల చలనచిత్రములలో ప్రతినాయకుని మందిరమున జరుగు క్లబ్బు నృత్యమునకే ఆ పేరు స్థిరపడెను. ఐరోపా క్యాబరే యది గాదు. అది ఒక చిన్న గది. బల్లల చుట్టు నూరు, రెండునూర్ల మంది కూర్చుందురు. ఒక వ్యాఖ్యాత మన సూత్రధారునివలె వచ్చి, ఆనాటి వార్తలను చమత్కరించును. ఒక కవి పద్యము చదువును. ఒక నటి పాట పాడును. ఆ పాటలో ఆ యుదయపు పత్రికయందలి సంగతి సాయంకాలమునకే చేరియుండును. బుర్రకథయందు కథకుని కొకప్రక్క హాస్యపు వంత, వేరొకప్రక్క రాజకీయపు వంత నిలిచి నడుపు పని యేదో, క్యాబరే పనియు నదియే. మద్రాసు ప్రభుత్వము, నిజాము ప్రభుత్వము బుర్రకథను నిషేధించిన దినములను స్మరించినచో, ఈ పోలిక యెంత దగ్గరదో తెలియగలదు.

అట్టి గదిలో పెద్ద వాద్యబృందమునకు తావుండదు. పెక్కుచోట్ల ఒక్క పియానోయే సర్వస్వము. దాని ముందు కూర్చున్నవాడే సంగీత దర్శకుడు. గాయని గొంతునకు తగినట్లు శ్రుతిని ఎత్తుట, దించుట. పాటల వరుసను నిర్ణయించుట. కవి వ్రాసిన చరణమున నవ్వు పుట్టవలసిన మాట యేదో గుర్తించి, దానికి ముందు కంటితో కొలువలేనంత విరామ మిచ్చుట అతని పనులు. సభవారు నవ్వినచో, ఆ నవ్వు అణగువరకు రెండు మూడు స్వరములనే త్రిప్పి త్రిప్పి వాయించి పాటను నిలిపి యుంచవలెను. నవ్వవలసిన చోట నవ్వనిచో, తడయక ముందునకు సాగవలెను. గాయని ఒక చరణమును మరచినచో, ఎవ్వరికి తెలియనీయక ఆమెతోపాటు తానును దాటవలెను. తెలుగు పద్యనాటకములయందలి హార్మోనిస్టు నెరిగినవారి కిది క్రొత్త గాదు. నటుడు రాగమును పొడిగించుచుండగా వెన్నంటి నడచి, అతడు ఊపిరి తీయు చోటును తాను నింపి, 'వన్స్‌మోర్' కేకలు లేచినపుడు మరల పద్యారంభమునకు చేర్చువాడు హార్మోనిస్టే గదా! ఈ విద్యకు మూలము చేతివ్రేళ్లలో లేదు, చెవిలో నున్నది. వాయించుట దానియందు సగము; వినుట తక్కిన సగము.

హోలెండర్ ఈ విద్యయం దించుమించు పుట్టి పెరిగినవాడు. 1896 అక్టోబరు 18న లండనులో జన్మించెను. తండ్రి విక్టర్ హోలెండర్ సంగీత నాటకములకు స్వరకర్త. ఆనాడు లండనులో నొక గొప్ప సర్కసు బృందమునకు సంగీత నిర్వాహకుడుగా నుండెను. తల్లి గాయని. కుటుంబము బెర్లినుకు తిరిగివచ్చిన పిమ్మట, పెదతండ్రి గుస్టావ్ అధ్యక్షుడుగా నున్న స్టెర్న్ సంగీత విద్యాలయమున నతడు చదివెను. సుప్రసిద్ధ స్వరకర్త ఎంగెల్బర్ట్ హుంపర్డింక్ వద్ద శిష్యరికము చేసెను. అయినను అతనికి అసలైన పాఠశాల మూకీచిత్రముల మందిరము. యౌవనమున నతడు తెరపై కదలు బొమ్మలను చూచుచు, వ్రాసిన స్వరము లేవియు లేకయే, అప్పటికప్పుడు పియానో వాయించుచుండెను. ఏడ్పు నవ్వుగా, నవ్వు భయముగా మారు క్షణమును కనిపెట్టుట అతని కచ్చట నలవడెను.

మొదటి ప్రపంచ యుద్ధము ముగిసి, చక్రవర్తి పారిపోయి, జర్మనీ ప్రజాప్రభుత్వ మయ్యెను. 1919 తుదిలో నాటక దర్శకుడు మాక్స్ రైన్‌హార్ట్ బెర్లినులో మూడువేలకు పైబడిన ప్రేక్షకులు పట్టు మహా నాటకశాలను తెరచి, దాని నేలమాళిగలో 'శబ్దము-పొగ' అను పేర నొక క్యాబరేను సైతము ప్రారంభించెను. పైయంతస్తున గ్రీకు విషాద నాటకము. క్రింది గదిలో అదే నాటకమునకు తోలుబొమ్మలతో పరిహాసము. ఈ పరిహాస నాటకమును వాల్టర్ మేరింగ్ వ్రాయగా, బొమ్మలను జార్జ్ గ్రోస్ చిత్రించెను, సంగీతము హోలెండర్‌ది. అప్పటి కతని వయస్సు 23. కుర్ట్ టుఖోల్‌స్కీ వంటి పదునైన రచయితలు వ్రాసిన పాటలకు అతడు బాణీలు కట్టి తానే వాయించెను.

ఆ పాటలు కేవలము నవ్వించుటకే పుట్టలేదు. నటి బ్లాండీన్ ఎబింగర్‌ను అతడు వివాహమాడి, ఆమెకొరకు 'పేద బాలిక పాటలు' అను గీతమాలికను రచించెను. బెర్లిను పెరటి ఇండ్లలో ఆకలితో క్షయతో కృశించు పిల్లయొకతె తన కలలను తానే చెప్పుకొనుట వాని వస్తువు. 1923 నవంబరునాటికి ఒక అమెరికా డాలరునకు 4 లక్షల 20 వేల కోట్ల మార్కులు ఇచ్చుకొనవలసిన దేశమది. జీతము చేతబడిన గంటలోనే దాని విలువ కరగిపోవుచుండ, ఉపాధ్యాయులు, గుమాస్తాలు, పింఛనుదారులు దరిద్రులైరి. ఈ బాధను పత్రికలు అంకెలతో చెప్పినవి. క్యాబరే ఒక పిల్ల గొంతుతో చెప్పెను.

'నీలి దేవదూత' విజయమున వచ్చిన పేరుతో హోలెండర్ 1931లో సొంత క్యాబరేను స్థాపించెను. పేరు 'టింగెల్-టాంగెల్'. బెర్లిను కాంట్ వీధిలోని పడమటి నాటకశాల నేలమాళిగ దాని స్థానము. రచయిత, స్వరకర్త, దర్శకుడు, పియానో వాదకుడు అన్నియు తానే. అప్పటికే కాలము మారుచుండెను. 1930 సెప్టెంబరు ఎన్నికలలో నాజీ పక్షము 107 స్థానములను గెలుచుకొనెను. 1931 సెప్టెంబరు 12న, యూదుల నూతన సంవత్సర దినమున, ఆ నాటకశాలకు చేరువలోనే యున్న కుర్‌ఫుర్‌స్టెన్‌డాం రాజమార్గమున నాజీ మూకలు యూదులుగా దోచినవారినెల్ల కొట్టిరి.

ఆ సంవత్సరముననే హోలెండర్ తన క్యాబరేలో నొక పాటను పాడించెను. లోకమున నే కష్టము గలిగినను దానికి యూదులే కారణమను ప్రచారము దాని వస్తువు. హోలెండర్ స్వయముగా యూదుడు. ఆ యారోపణను అతడు ఖండింపలేదు, కోపింపలేదు. దానిని పూర్తిగా నంగీకరించినట్లు నటించి, వాన వచ్చినను రాకున్నను, ఏది జరిగినను జరుగకున్నను నేరము వారిదే యను ధోరణిని తుదివరకు సాగదీసెను. బాణీ మాత్రము తనది గాదు. బిజే 1875లో రచించిన 'కార్మెన్' సంగీత నాటకములో నాయిక పాడు ప్రణయగీతపు బాణీ. అది బిజే సొంతమును గాదు. స్పెయిను దేశపు ఇరాడియర్ కట్టిన స్వరమును జానపదమని భ్రమించి అతడు గ్రహించెను. స్పెయినులో పుట్టి, ఫ్రాన్సులో పెరిగి, వలపునకు మారుపేరైన బాణీలో బెర్లిను వీథుల ద్వేషము వినబడగనే, దాని తెలివితక్కువతనము తనంతతానే బయటపడెను. జరుక్ శాస్త్రి పేరడీలను చదివి నవ్వుకొన్న తెలుగువారికి ఈ రహస్యము తెలియనిది గాదు. తెలిసిన నడకలో తెలియని మాట పడినపుడే పేరడీ పుట్టును.

ఆ పాటవలన నేమైనది? 1932 జూలై ఎన్నికలలో నాజీల స్థానములు 230కి పెరిగెను. 1933 జనవరి 30న హిట్లరు ప్రధాని యయ్యెను. హోలెండర్ ఆ సంవత్సరమే భార్యయైన నర్తకి హెడీ షోప్‌తో పారిస్‌కు పారిపోవలసి వచ్చెను. 1961లో లండనులో వ్యంగ్యశాలను తెరచిన పీటర్ కుక్, తనకు బెర్లిను క్యాబరేలే ఆదర్శమనియు, హిట్లరును రాకుండ ఆపుటలో అవి యెంత ఘనకార్యము చేసినవో గదా యనియు ఎగతాళిగా పలికినట్లు ప్రసిద్ధి. ఈ మాటలో పదును గలదు. నేలమాళిగకు దిగి వచ్చి టిక్కెట్టు కొన్నవారు హిట్లరు అభిమానులు గారు; ముందే యెరిగినవారికి మరల చెప్పినట్లయ్యెను. అంతియే గాక, పరిహాసమునకు సిగ్గు ఆధారము. సిగ్గులేనివానిని పరిహాసము తాకదు. ఆ బాణీ యెంత ఇంపైనదనగా, ద్వేషించువాడు సైతము దానిని పరిహాసమని తెలిసికొనక కూనిరాగము తీయగలడు.

కాని మరియొక సంగతి నిట విచారింపవలెను. హోలెండర్ వెడలిపోయిన పిమ్మట 'టింగెల్-టాంగెల్'ను ఆ పేరుతోనే వేరొకరు నడపిరి. 1935 మే 10న గెబెల్స్ ఆజ్ఞతో ఆ క్యాబరేయు, 'కాటకోంబె' అను మరియొకటియు ఒకే దినమున మూయబడెను. వెర్నర్ ఫింక్ మొదలగు కళాకారులు నిర్బంధ శిబిరమునకు పంపబడిరి. అప్పటికి నాజీలకు సైన్యమున్నది, పోలీసులున్నారు, రేడియో యున్నది, పత్రికలన్నియు చేతిలో నున్నవి. ఇన్ని యుండియు రెండు చిన్న గదులకు జడియనేల? నిరర్థకమైనదానిని మూయుట కెవ్వడు శ్రమపడును? భయము మనుష్యుని ఒంటరిని జేయును. అబద్ధమును నమ్మనివాడను నే నొక్కడనే కాబోలునని ప్రతివాడు అనుకొనును. నూరుమంది యొక గదిలో ఒకే మాటకు ఒకేసారి నవ్వినపుడు, నమ్మనివారు నూరుమంది గలరని వారి కందరికి తెలిసిపోవును. నిరంకుశునికి వెరపు పాటవలన గాదు, ఈ తెలివిడివలన. పాట ప్రభుత్వములను కూల్చదు. కాని ప్రజలు ఒండొరులను గుర్తించు చోటును నిలుపును.

ఆ చోటు పోయిన తరువాత మనుష్యులేమైరో చూడవలసినది. 'నీలి దేవదూత'లో ఇంద్రజాలికుడుగా నటించిన కుర్ట్ గెరోన్ హాలండునకు పారిపోయి, పట్టుబడి, టెరెజిన్ శిబిరమున ఖైదీల నడుమ క్యాబరే నడపవలసినవాడయ్యెను. 1944లో ఆష్‌విట్స్‌లో నతనిని చంపిరి. ఆ చిత్రమున వాయించిన 'వైన్‌ట్రాబ్ సింకోపేటర్స్' అను వాద్యబృందము రష్యా, జపాను దేశముల మీదుగా 1937లో ఆస్ట్రేలియా చేరెను. టుఖోల్‌స్కీ 1935లో స్వీడను దేశమున ప్రవాసియై మరణించెను.

హోలెండర్ అదృష్టవంతుడు. 1934లో హాలీవుడ్ చేరెను. తొలిదినముల కష్టములు గడచిన పిమ్మట నూటికి పైగా చిత్రములకు సంగీతమును కూర్చెను. ఆస్కార్ బహుమానమునకు నాలుగుసార్లు అతని పేరు ప్రతిపాదింపబడెను. లోకదృష్టిలో ఇది విజయమే. కాని అచ్చట 'టింగెల్-టాంగెల్'ను తిరిగి నెలకొల్పవలెనని చేసిన యత్నము నిలువలేదు. క్యాబరే అర్ధోక్తిపై జీవించును. సగము మాట పాటకుడు చెప్పును. తక్కిన సగము సభ పూరించును. ఆ సగమును పూరించుటకు ఒకే వీథిలో నడచి, ఒకే పత్రికను చదివి, ఒకే ఆకలిని ఎరిగిన జనము కావలెను. బాణీని పెట్టెలో పెట్టుకొని సముద్రము దాటవచ్చును. సభను తీసికొనిపోవుట సాధ్యము గాదు. చిత్రసీమలో అతడు వాయించినది తెరకు; తెర తిరిగి నవ్వదు.

1948లో బిల్లీ వైల్డర్ తీసిన 'ఎ ఫారిన్ ఎఫైర్' చిత్రమున ఈ విషయము కన్నుల కట్టినట్లు కనిపించును. కథాస్థలము బాంబులకు నేలమట్టమైన బెర్లిను. నాజీలతో చెలిమిచేసిన గాయని పాత్రలో డీట్రిష్ ఒక నేలమాళిగ క్లబ్బులో పాడును. ఆమె వెనుక పియానో వాయించుచు కనబడువాడు హోలెండరే. పాటలును అతనివే. డీట్రిష్ నిజజీవితమున నాజీలను నిరాకరించి, యుద్ధకాలమున మిత్రరాజ్యముల సైనికులకు పాడినది. అతడు ఆ నగరమునుండి తరుమబడినవాడు. తరిమినవారి కథలో తరుమబడినవారిద్దరు, చిత్రశాలలో కట్టిన బూటకపు బెర్లినులో, పాత వృత్తినే నటించిరి. ఆ నిమిషములలో అతని ముఖమున నిలిచిన చిరునవ్వుకు అర్థమును ప్రేక్షకుడే చెప్పుకొనవలెను.

అతని సంగీతమున ఉపాధ్యాయుని కథ మరియొక మారు వచ్చినది. 1953 నాటి 'ది 5000 ఫింగర్స్ ఆఫ్ డాక్టర్ టి' చిత్రమున నొక పియానో గురువు నియంతయై, 500 మంది బాలురను బంధించి, వారి 5000 వ్రేళ్లతో ఒకే బ్రహ్మాండమైన పియానోపై తన యాజ్ఞ చొప్పున వాయింప జేయదలచును. మొదటి చిత్రమున శాసించుట మాత్రమే యెరిగిన ఉపాధ్యాయుడు శిథిలుడగును. దీనియందు అట్టివాడే రాజ్యము నేల జూచును. కథలు రెండును ఇతరులవే. కాని ఒకే మీటను అందరిచేత నొక్కించు పాలనను చూచి పారిపోయి వచ్చినవానికి ఆ రెండవ కథకు సంగీతమును కూర్చుట వినోదము మాత్రమే కాకపోవచ్చును.

1950 దశకపు నడుమ హోలెండర్ జర్మనీకి మరలివచ్చి, మ్యూనిక్‌లో 'చిన్న స్వేచ్ఛ' అను క్యాబరేకు ప్రదర్శనలను కూర్చెను. 1965లో స్వీయచరిత్రను ప్రకటించెను. దేశము నాడు పునర్నిర్మాణమున మునిగి, గతమును మరువగోరుచుండెను. ఆనాటి పాటలను మరల వెదకి పాడినది తరువాతి తరము. 1986లో ఏర్పడిన మాక్స్ రాబె వాద్యబృందము ఆ కాలపు పాటలను సభలకు తెచ్చెను; 1996లో ఊటె లెంపర్ బెర్లిను క్యాబరే పాటల ముద్రణలో హోలెండర్ గీతములను పాడెను.

ముద్రణలు మిగులును, గదులు మిగులవలయును గదా! నేటి బెర్లినులో గోబెల్సు లేడు. నాటి జర్మనీకి, నేటి ఏ ప్రజాస్వామ్యమునకును పోలిక గట్టుట తొందరపాటు. ఒక సంఘటనను చూచి అదే చరిత్ర మరల వచ్చినదని కేకలు వేయుటయు ఒక విధమైన సోమరితనమే. అయినను చిన్న గదిని మూయుటకు ఎల్లప్పుడు నియంత యక్కరలేదు. బెర్లిను నగర ప్రభుత్వము 2025 సంవత్సరపు సంస్కృతి పద్దునుండి సుమారు 13 కోట్ల యూరోలను తగ్గించెను. మహానగరములలో అద్దెలు పెరిగినచో ముందుగా తలుపులు మూయునది చిన్న రంగస్థలమే. గదిలో నూరుమందికై చెప్పిన మాట చేతి ఫోనులోబడి, ముందు వెనుకలు తెగిపోయి, మరునాటికి కోటిమందిని చేరును. పూర్వము సభ సగము మాటను పూరించెడిది. నేడు ఆ సగమును కోపము పూరించుచున్నది. దానికి మూల్యము చెల్లించునది తరచుగా గది యజమాని. అతడు మరునాటి హాస్యకారునికి మర్యాదగా తలుపు మూసినచో, అది నిషేధమని యెచ్చటను నమోదు గాదు.

2020లో కరోనా వ్యాధి ప్రబలినపుడు లోకమందలి ఇట్టి గదులన్నియు నెలల తరబడి మూతబడెను. వాదకుడొక యింట, గాయని యొక యింట నుండి యంత్రముల ద్వారా కలసి పాడ యత్నించిరి. శబ్దము రెప్పపాటు ఆలస్యముగా చేరుటచే, ఇరువురును ఒకే తాళమున నడచుట దుర్లభమయ్యెను. ఈ విద్యకు ఒకే గాలిని పీల్చుట యెంత యవసరమో అప్పుడు లోకమునకు తెలిసెను.

ఒక గది, ఒక బల్ల, ఎదుట కొందరు వినువారు: ఈ మూడును క్యాబరేకు మాత్రమే చెందినవి గావు. తరగతి గదియు నట్టిదే. 'నీలి దేవదూత' యందలి ఉపాధ్యాయుడు పానశాలలో చెడినవాడని లోకము తలచును. నిజమునకు అతడు చెడినది అంతకు ముందే. తన గదిలో మాటలాడుట మాత్రమే యెరిగి, వినుట ఎరుగనివాడు. విద్యార్థుల నవ్వును తిరుగుబాటుగా మాత్రమే గ్రహించినవాడు. ఆ కథకు పాటలు కట్టిన మనుష్యుడు జీవితమంతయు దీనికి విరుద్ధమైన విద్యను అభ్యసించెను. సభ నవ్విన చోట ఆగెను. గాయని తడబడిన చోట ఆదుకొనెను. అబద్ధము రాజ్యమేలు వేళ దాని శ్రుతి యెచ్చట చెడినదో పదిమందికి వినిపించెను. ఆ చెవిని చిన్ననాడే అలవరచు గది ఏ దేశమునందైనను ఒక్కటే యున్నది. దానికి టిక్కెట్టు లేదు. ఉదయము గంట కొట్టగనే తెరచుకొనును.